రాతిగుర్తు – సుద్దగీత

నీరు మనుష్యునకు రెండు విధముల భయము గొల్పును: లేకపోయినను భయమే, మితిమీరినను భయమే. ఈ భయములను పదిమంది తిరుగుచోట గుర్తుగా నిలిపి జనులను మేల్కొల్పవలెనను తలంపు నేటిది కాదు. కాని గుర్తు పెట్టు విధమునందు పూర్వులకును నేటివారికిని భేద మొకటి కలదు. చూచుటకు స్వల్పమైన యా భేదమునందు మన యందఱి క్షేమమునకు సంబంధించిన పాఠము కలదని మా యభిప్రాయము.

మధ్య ఐరోపాలో ఎల్బీ నదీగర్భమున 'కఱవురాళ్లు' అని ప్రసిద్ధికెక్కిన బండలు కలవు. నీరు బాగుగ తగ్గినప్పుడుగాని యవి బయటపడవు. అట్టి దుష్కాలములందు జనులు నాటి సంవత్సరమును వానిపై చెక్కుచు వచ్చిరి. చెక్ దేశమున డెచిన్ నగరముకడ నున్న బండపై 1616వ సంవత్సరము నేటికిని చదువ వీలగుచున్నది. తన్ను జూచువారు కంట తడిపెట్టవలసినదే యను భావముగల జర్మను వాక్యమును దానిపై నున్నది. నది యెండినయెడల పడవ నడువదు, పంట పండదు, రొట్టె ప్రియమగును. 2018వ సంవత్సరపు అనావృష్టిలో నిట్టి రాళ్లు పెక్కు బయటపడగా, పూర్వుల దుఃఖమును వారి సంతతివారు కన్నులార చదువుకొనిరి. అయిన నా రాయి చెప్పగలిగినది జరిగినదానినే. కడుపు మాడినపిదపనే గదా ఆ జనులు ఉలి చేతబట్టినది!

జరుగనిదానికి ముందుగా గుర్తు పెట్టుట యెట్లు? ఈ ప్రశ్నకు 2007వ సంవత్సరమున న్యూయార్కు నగరమున ఈవ్ మోషర్ అను చిత్రకారిణి సుద్దపొడితో సమాధానము వ్రాసెను. అంతకుముందు 2001లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు సంబంధించిన శాస్త్రజ్ఞులు ఆ నగరమును గూర్చి యొక నివేదికను ప్రకటించియుండిరి. సగటున నూఱేండ్ల కొకమాఱు వచ్చు వఱద సముద్రమట్టముపై సుమారు 10 అడుగుల యెత్తునకు రాగలదనియు, భూమి వేడెక్కి సముద్రము పెరిగినకొలది నట్టి వఱద యింకను తఱచుగా రాగలదనియు దాని సారాంశము. నివేదిక సత్యమే, కాని గ్రంథాలయపు బీరువాలోని సత్యము. తీరవాసులలో దానిని చదివినవా రెందఱు? తమ గుమ్మ మా పదియడుగులకు పైనున్నదో క్రిందనున్నదో యెఱిగినవా రెందఱు?

మోషర్ ఆ రేఖను పటమునుండి వీథిలోనికి దించెను. ఆటస్థలములలో గీతలు వేయుటకు వాడు చిన్న తోపుడుబండిలో నీలపు సుద్దపొడి నింపి, బ్రూక్లిన్, మాన్‌హాటన్ ప్రాంతముల తీరము వెంబడి సుమారు 70 మైళ్లు నడచుచు గీత గీచెను. గీత కాలిబాటలు దాటెను, ఇండ్లముందుగా పోయెను, ఉద్యానవనముల జొచ్చెను. నడివీథిలో నొక స్త్రీ బండి త్రోయుచు గీత గీయుచుండగా బాటసారులు నిలిచి "ఇదేమి?" యని యడుగకుందురా? ఆ ప్రశ్నయే యామెకు గావలసినది. గీత కిటుప్రక్కనున్న నేలకు రాబోవు కాలమున నేమి కానున్నదో యామె వారికి నిలిచి చెప్పెడిది. ఆ గీతకంటె నా సంభాషణమే యసలైన చిత్రమని మేము తలంచెదము.

2012 అక్టోబరు 29వ తేది రాత్రి శాండీ యను తుపాను పున్నమి పోటుతో గలిసి యా తీరముపై బడెను. సొరంగపు రైలుమార్గములలోనికి నీరు జొచ్చెను. మాన్‌హాటన్ దక్షిణభాగము చీకటిలో మునిగెను. ఐదేండ్లక్రిందట గీయబడి, వానలకు ఏనాడో తుడిచిపెట్టుకొనిపోయిన యా గీతవఱకును పెక్కుచోట్ల సముద్రము వచ్చెను, కొన్నిచోట్ల దాటెను. నగరమున నలువదిమందికి పైగా మరణించిరి. తుపాను తీరము దాటిన న్యూజెర్సీ రాష్ట్రమున మన తెలుగు కుటుంబములు వేలకొలది కాపురముండుటచే, ఆ రాత్రి యిచ్చటి తల్లిదండ్రులకును నిద్ర యుండి యుండదు.

"గీత గీచినందువలన నొక్క ప్రాణమైనను నిలిచెనా?" యని చదువరు లడుగవచ్చును. ఈ ప్రశ్నను దాటవేయుట తగదు. సుద్దగీత యానకట్ట కాదు. మృతులలో సుమారు సగముమంది స్టాటెన్ ద్వీపవాసులు. మోషర్ గీత యా ద్వీపమునకు పోనేలేదు. ఇది యామె దోషము కాదు. ఒక మనిషి పాదములు నడువగలిగినంత దూరమే యొక మనిషి గీచిన గీత పోవును. తక్కిన దూరము నడువవలసినవారు నగరపాలకులు, పత్రికలవారు, ఉపాధ్యాయులు. బడిపంతులమగు మాకు నీ మాట గట్టిగా తగులుచున్నది. భూగోళపాఠమున తుపానులు పుట్టు కారణములను వల్లె వేయించితిమే కాని, బడి గడప యే మట్టమున నున్నదో పిల్లలచేత నొక్కనాడైన కొలిపించితిమా?

తరువాత 2013లో మయామీ నగరమునను, 2014లో బ్రిస్టలు నగరమునను ఆ గీతను గీచినవారు స్థానికులే. ఇది శుభసూచకము. న్యూయార్కు పాలకులును మాన్‌హాటన్ తూర్పుతీరమున సుమారు రెండున్నర మైళ్ల పొడవున వఱదగోడలు కట్టి, ఉద్యానవనమును మెఱకచేయ బూనుకొనిరి. కాని యా పూనిక వచ్చినది వఱద వచ్చినపిమ్మట. ఆ విధముగ జూచిన నా గోడయు నొక కఱవురాయియే.

రాయి మన్నును, కాని జరిగినదానిని మాత్రమే చెప్పును. సుద్ద రాబోవుదానిని చెప్పును. కాని మొదటి వానకే పోవును. కావున దానిని ఏటేట మరల గీయవలసినదే. ఒకచేతి పనిని పదిచేతుల పనిగ జేసికొని, చదివినవారు తాము చదివినదానిని పొరుగువాని గుమ్మమువఱకు తీసికొనిపోయినగాని, మన మనుమలు చదువుకొనుటకు మరల రాళ్లే మిగులును.