ఒకరి మీద ఒకరికి అధికారం ఎక్కడి నుంచి వస్తుంది?
ఘాజియాబాద్ చరిత్ర చెప్పే పాఠం

ఢిల్లీ నుంచి తూర్పుగా వెళ్ళే రైలు యమున దాటిన కొద్దిసేపటికి వచ్చే పెద్ద జంక్షన్ ఘాజియాబాద్. ఇది కర్మాగారాల పట్టణమని మనకు తెలుసు. కాని దీని పుట్టుకకు హైదరాబాదుతో చుట్టరికం ఉందని చాలామందికి తెలియదు. 1740లో ఈ ఊరిని నిర్మించిన ఘాజీ ఉద్దీన్, అసఫ్ జాహీ వంశ స్థాపకుడైన నిజాం ఉల్ ముల్క్ పెద్ద కుమారుడు. అందుకే దీన్ని మొదట్లో ఘాజీ ఉద్దీన్ నగర్ అనేవారు. 1864లో రైలు వచ్చాక ఆ పొడుగాటి పేరు కుదించుకుపోయింది. పాత ఊరి ద్వారాల పేర్లు ఢిల్లీ గేటు, దాస్నా గేటు, సిహానీ గేటు అని నేటికీ వినిపిస్తాయి.

తండ్రి తదనంతరం దక్కను పాలన కోసం బయలుదేరిన ఘాజీ ఉద్దీన్ 1752లో ఔరంగాబాదులో హఠాత్తుగా మరణించాడు. విషం పెట్టారని చెబుతారు. ఢిల్లీలో ఉన్న అతని కొడుక్కి అప్పటికి సుమారు పదహారేళ్ళు. చరిత్రలో అతను ఇమాద్ ఉల్ ముల్క్ పేరుతో ప్రసిద్ధుడు. మనిషి మీద మనిషికి ఉండే అధికారం ఎలాంటిదో తెలుసుకోవాలంటే ఈ కుర్రవాడి జీవితాన్ని కాస్త పరిశీలించాలి.

పాదుషా పైన వజీరు

వజీరు సఫ్దర్ జంగ్ సిఫారసుతో ఇమాద్‌కు మీర్ బక్షీ పదవి దక్కింది. సైన్యం జీతభత్యాలు ఆ పదవి కిందకే వస్తాయి. మరుసటి ఏడాదే అతను సఫ్దర్ జంగ్‌కు ఎదురు తిరిగాడు. మరాఠా సేనల అండ సంపాదించాడు. దిక్కుతోచని పాదుషా అహ్మద్ షా 1754 జూన్ 2న అతన్ని వజీరుగా నియమించాడు. అదే రోజున ఆ కొత్త వజీరు పాదుషాను గద్దె దింపాడు. తర్వాత అతని కళ్ళు తీయించాడు. జీవితంలో ఎక్కువ భాగం నిర్బంధంలోనే గడిపిన ఒక వృద్ధ రాకుమారుణ్ణి రెండవ ఆలంగీర్‌గా సింహాసనం ఎక్కించాడు. 1759 నవంబరులో ఆయన్నీ హత్య చేయించాడు.

కళ్ళు తీయించాడు, హత్య చేయించాడు అంటున్నాం. గమనించండి, ఈ పనులేవీ ఇమాద్ తన చేతులతో చేసినవి కావు. పాదుషాను పట్టుకున్న చేతులు వేరు, కత్తి దూసిన చేతులు వేరు. మరి ఆ శక్తి ఎవరిది?

దీనికి జవాబు 1755లో పానిపట్టులో దొరికింది. జీతాలు నెలల తరబడి బకాయి పడటంతో బదక్షీ అశ్వికులు తిరగబడ్డారు. మొగల్ సామ్రాజ్యపు వజీరును డేరాలోంచి బయటికి లాగి, కాళ్ళకు చెప్పులైనా లేకుండా వీధుల్లో ఈడ్చుకుపోయారు. పదవి ఉంది, బిరుదులు ఉన్నాయి, కాని ఆ కాసేపు ఆజ్ఞ పాటించేవాడు లేడు. చివరికి బయటపడిన వజీరు రోహిల్లా సేనల సాయంతో ఆ అశ్వికులను అణచివేశాడు. కొన్ని చేతులు కాదన్నా, వేరే చేతులు దొరికాయన్నమాట.

భౌతికశాస్త్రంలో బలం ఒక వస్తువులో నిల్వ ఉండే సరుకు కాదు. అది రెండు వస్తువుల మధ్య జరిగే చర్య. అధికారమూ అంతే. ఆజ్ఞాపించేవాడి ఒంట్లో అది ఉండదు. ఆజ్ఞాపించేవాడికీ పాటించేవాడికీ మధ్య ఉంటుంది.

ప్రయోగశాలలో విధేయత

ఈ సంబంధాన్ని ప్రయోగం ద్వారా పరీక్షించినవాడు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్టాన్లీ మిల్‌గ్రామ్. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆయన మామూలు పౌరులను పిలిచి, పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాకు ఇమ్మన్నాడు. షాకులు నిజమైనవి కావు, అవతలి మనిషి నటిస్తున్నాడు. ఆ సంగతి వీరికి తెలియదు. చెమటలు పడుతున్నా, చేతులు వణుకుతున్నా 40 మందిలో 26 మంది చిట్టచివరి 450 వోల్టుల మీట దాకా వెళ్ళారు. వారిని ఎవరూ బెదిరించలేదు. ఒక ఉద్యోగి పక్కన నిలబడి 'కొనసాగించండి' అన్నాడు, అంతే!

ఈ ప్రయోగంలోని నైతికత మీద, నిర్వహించిన తీరు మీద తర్వాత విమర్శలు వచ్చాయి. అయినా ఇందులో అంతగా ప్రచారంలోకి రాని మరో భాగం ఉంది. పక్కన కూర్చున్న ఇద్దరు సహచరులు మధ్యలో 'మేము చెయ్యం' అని లేచిపోతే, 40 మందిలో చివరిదాకా వెళ్ళినవారు నలుగురే. అధికారి అతనే, ఆజ్ఞ అదే. మారిందల్లా పక్కనున్నవారి నడవడి.

పాలకుర్తి పొలంలో

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. 1940లలో అసఫ్ జాహీల ఏలుబడిలోనే ఉన్న తెలంగాణలో దొరల మాటే చట్టం. వెట్టి చేయనన్నవారికి దెబ్బలు తప్పేవి కావు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు సాగుచేసుకున్న పంటను కాజేయాలని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులను పంపాడు. ఆమె లొంగలేదు. ఒంటరిగా ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. కాని సంఘం కార్యకర్తలు ఆమెకు అండగా నిలిచారు. పంట ఆమె ఇంటికే చేరింది. నిన్నటిదాకా ఊరిని వణికించిన దొర ఆ రోజు మారిపోలేదు. ఊరే మారింది.

1761 తర్వాత ఇమాద్ మళ్ళీ అధికారం ముఖం చూడలేదు. దాదాపు నలభై ఏళ్ళు ఒకరి పంచన ఒకరి పంచన తలదాచుకుంటూ, 1800లో కాల్పీలో కన్నుమూశాడు. మనిషి అతనే, అతని చుట్టూ చేతులే లేవు.

కాబట్టి ఎవరైనా మనల్ని ఒక పని చెయ్యమన్నప్పుడు, 'చెప్పింది ఎవరు?' అనే ప్రశ్న ఒక్కటే చాలదు. 'దీన్ని చేసే చేతులు ఎవరివి?' అని కూడా అడగాలి. ఆ చేతులు మనవే కావచ్చు.