ఒక నాటకప్రియుని మాసము

చరిత్రమనగా రాజుల కథ, యుద్ధముల పట్టిక యని తలంచువారు ఒక సామాన్యుని దినచర్యను చదివినచో ఆ యభిప్రాయమును మార్చుకొనక తప్పదు. లండను నగరమున శామ్యూల్ పీప్సు అను నుద్యోగి యొకడుండెను. అతడు దర్జీవాని కుమారుడు; నౌకాశాఖా కార్యాలయమున పనిచేయుచుండెను. 1660 జనవరి 1వ తేది మొదలు 1669 మే 31వ తేది వరకు తాను చూచినదియు, భుజించినదియు, సిగ్గుపడినదియు గూడ సంక్షిప్తలిపిలో దాచక వ్రాసికొనెను. అందు 1661 జనవరి మాసమును మాత్రము మనమిపుడు విప్పి చూతము. అప్పటి కతనికి ఇరువదియేడేండ్లు.

ముందుగా ఒక మాట చెప్పవలెను. 1642లో ఆంగ్లేయ పార్లమెంటు నాటకశాలలను మూయించెను. 1660లో రెండవ చార్లెసు సింహాసనమునకు మరలివచ్చి, కిల్లిగ్రూ, డావెనంటు అను నిరువురకు నాటకసమాజములను నడుపు నధికారము నిచ్చెను. కిల్లిగ్రూ వేర్ వీధిలోని యొక టెన్నిసు ఆటశాలను నాటకశాలగా మార్చెను. అంతకు పూర్వ మా దేశపు వృత్తినాటకములలో స్త్రీపాత్రలను బాలురే ధరించెడివారు.

జనవరి 3వ తేదిని పీప్సు ఆ నాటకశాలకు బోయి, తన జీవితమున మొదటిసారిగా రంగస్థలముపై స్త్రీలను చూచెను. 7వ తేదిని భార్యతో గూడ బెన్ జాన్సన్ రచించిన 'మౌన స్త్రీ' నాటకమునకు బోయెను. అందు కైనస్టన్ అను యువకుడు పేదరాలుగను, సొగసైన దొరసానిగను, తుదకు పురుషుడుగను మూడు రూపములతో కనబడెను. ఆ శాలలోని స్త్రీలందరిలో సుందరియు, పురుషులందరిలో సుందరుడును అతడే యని పీప్సు తీర్మానించెను. నాటకమైన పిమ్మట బంధువులయింట విందు. క్రిస్మసు వేడుకల ముగింపునకు చేయు కేకులో రాణిగుర్తు నొకదానిని దాచుట వాడుక. కత్తి ఆ గుర్తుమీదనే పడి అది రెండయ్యెను. అందుచే ఆ రాత్రి రాణులిరువురు! అందులో నొకతె పీప్సు భార్య. రాజుగుర్తు కనబడకపోగా అచ్చటి వైద్యు నొకని రాజుగా నెన్నుకొని, వానిచేత మద్యము తెప్పించిరి.

ఇంటికి మరలునపుడు మాత్రము దారిపొడవున కావలివారు వారిని నిలిపి ప్రశ్నించిరి. వెన్నరు అను మతావేశపరుని యనుచరులు నగరమున తిరుగుబాటు చేసియుండిరి. 9వ తేది యుదయమున పీప్సు కత్తియు తుపాకియు పట్టుకొని వీధిలోనికి బోయెను. తుపాకిలో మందు లేదు. తన మనసులో ధైర్యమును లేదు. భయపడినట్లు కనబడరాదని మాత్రమే బోయితినని తానే యొప్పుకొనెను. 30వ తేదిని క్రామ్‌వెల్ శవమును త్రవ్వి తీసి టైబర్నులో వ్రేలాడదీసిరి. అతని భార్య పొరుగు దొరసానితో బోయి దానిని చూచివచ్చెను. మరునాడు పీప్సు మరల నాటకశాలలో నుండెను. చోటు చాలనంత జనము! నాటకము బాగుగనే యున్నదిగాని తా నతిగా నాశించుటచే రుచి తగ్గెనని వ్రాసికొనెను.

ఇక నేను చెప్పదలచిన సంగతి 8వ తేదిది. ఆనాడు 'వితంతువు' అను నాటకమును చూచి, స్త్రీలకు తమ పాఠములు రాకపోవుటచే ఆట చెడెనని పీప్సు విమర్శించెను. ఆ విమర్శ నిజమే కావచ్చును. కాని యేల చెడెను? కైనస్టన్ వంటి వారికి వెనుక గొప్ప శిక్షణమున్నది. ఆ స్త్రీలు రంగస్థలమెక్కి కొన్ని వారములైన నిండెనో లేదో! 1662లో రాజశాసనము స్త్రీపాత్రలను స్త్రీలు ధరించుటకు అనుమతి నిచ్చెను. 1667 మార్చి 2వ తేదిని నెల్ గ్విన్ నటనను చూచిన యీ పీప్సే, అంతటి హాస్యపాత్ర నిర్వహణము స్త్రీ పురుషులలో నెవ్వరును చేసియుండరని పొగడెను. ఆమె పురుషవేషమున వచ్చిన ఘట్టమే అన్నిటికంటె మిన్న యట! నడుమ గడచినవి ఆరేండ్లు మాత్రమే. ఆ నటీమణులకు వెంటనే గౌరవము లభించెనని నేననను. వారిని భోగవస్తువులుగా చూచిన ధనికులు పెక్కురు. ఆ దోషము చూచువారిది.

మన తెలుగునాట స్థానం నరసింహారావుగారి స్త్రీపాత్రలను చూచి మెచ్చుకొననివారు లేరు. అయినను 1885లో కడపజిల్లా సురభి గ్రామమున 'కీచకవధ'తో నారంభమైన సురభి కుటుంబమున స్త్రీలే స్త్రీపాత్రలు ధరించి ఆ విద్యను తల్లినుండి కూతురు నేర్చుకొనునట్లు చేసిరి. నేర్చుకొను త్రోవ దొరికినచోట నేర్పు తానే వచ్చును.

పీప్సు సంగతి చెప్పి ముగింతును. 1661 డిసెంబరు 31వ తేదిని అతడు నాటకములను, మద్యమును మానెదనని ప్రమాణము చేసెను. పిమ్మట 1664లో నొకనాడు స్నేహితునికి తానే డబ్బు బదులిచ్చి, వానిచేత నాటకమునకు పిలిపించుకొని, అది ప్రమాణమును తప్పించుకొను మాయోపాయమే యని యొప్పుకొని, మరల నట్లు చేయనని ఒట్టుపెట్టుకొనెను! దీనిని చదివి మనము నవ్వి, మానవ సహజమని క్షమింతుము. ఒక స్త్రీ ఒక సాయంకాలము పాఠము మరచినచో మాత్రము అది స్త్రీజాతి స్వభావమని తీర్పు చెప్పుదుము. చదువరులారా, మన యిండ్లలో ఆడుబిడ్డ తొలిసారి వీణ పట్టినపుడు, సభలో నాలుగు మాటలాడ లేచినపుడు, తడబాటు విని పెదవి విరుచుటకు ముందు ఆమెకు మనమిచ్చిన దినములెన్నియో లెక్కించి చూచుకొందము.