తెలుగు అక్షరం, డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్: పాత పనిముట్ల నుంచి కొత్త పనిముట్లకు

మంజీర నదిపై 1923–1931 మధ్య కట్టిన నిజాంసాగర్ ఆనకట్ట కింద సాగు విస్తరించిన కొద్దీ, ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, దానికి శిస్తు ఎంత అన్న లెక్కలకు విలువ పెరిగింది. హైదరాబాదు సంస్థాన పాలనలో ఆ లెక్కలు, తొలి భూకొలతల అనంతరం పట్టాదారుల పేర్లతో తయారైన మూల దస్త్రమైన సేత్వార్‌తో సహా, ఉర్దూలో సాగాయి. 1956 తరువాత క్రమంగా తెలుగులోకి మారాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998 నవంబరు 4న 214 సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల్లో ప్రారంభించిన, రిజిస్ట్రేషన్లను కంప్యూటరీకరించే ‘కార్డ్’ పథకం నాటికి మరో మార్పు మొదలైంది: పేరు కాగితం మీది నుంచి కంప్యూటరు తెర మీదికి రావలసి వచ్చింది. తెలుగునాట డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ చరిత్రను ఈ అవసరం నుంచే చదవాలి.

కిటికీలు, మీటలు, పాఠం నింపే గళ్లు మొదలైనవాటిని ముందే సిద్ధం చేసి ప్రోగ్రామర్ చేతికి అందించే సామగ్రిని ఫ్రేమ్‌వర్క్ అంటారు. 1998లో వచ్చిన విజువల్ బేసిక్ 6 అటువంటి పనిముట్లలో అత్యంత ప్రజాదరణ పొందింది. చిన్న ఆఫీసుకు కావలసిన బిల్లుల, రశీదుల ప్రోగ్రామును అనుభవం తక్కువైనవారు కూడా అందులో త్వరగా రాయగలిగేవారు. అయితే అది లోలోపల పాఠాన్ని యూనికోడ్‌లోనే దాచినా, తెరమీది గళ్లకు పంపేటప్పుడు పాత ఆన్సీ పద్ధతిలోకి, అంటే గరిష్ఠంగా 256 గుర్తుల పట్టికకు కుదించిన పద్ధతిలోకి మార్చేది. విండోస్ ఆన్సీ పట్టికల్లో తెలుగుకు చోటే లేదు కనుక, యూనికోడ్ తెలుగు పేరు ఆ గడిలో ప్రశ్నార్థక చిహ్నాల వరుసగా కనిపించేది.

దీనికి తెలుగు ముద్రణరంగం అప్పటికే ఒక ఉపాయం కనిపెట్టుకొని ఉంది. అను వంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్లను, గుడులను, ఒత్తులను పెట్టేవి. కంప్యూటరు దృష్టిలో అది ఇంగ్లీషే, మనిషి కంటికి మాత్రం తెలుగు. విజువల్ బేసిక్‌లోనూ, యూనికోడ్ ఎరుగని పేజ్‌మేకర్‌లోనూ ఈ ఉపాయం నిక్షేపంగా పనిచేసింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వంటి పట్టణాల డీటీపీ కేంద్రాల్లో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఎన్నికల పోస్టర్లు ఈ పద్ధతిలోనే తయారయ్యాయి. ‘ఆపిల్ కీబోర్డు’ అన్న పేరుతో వాడుకలో ఉన్న మీటల అమరిక ఆపరేటర్ల వేళ్లకు అలవాటైపోయింది. ఆ నైపుణ్యాన్ని తక్కువ చేసి చూడడం అన్యాయం. కంప్యూటరు సంస్థలు తెలుగును పట్టించుకోని కాలంలో తెలుగు అచ్చును నడిపించింది వారే.

లోపం దాచిన ఫైలులో ఉంది. అదే ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే ఊరి పేరు అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల గుంపవుతుంది. వెతికితే దొరకదు, అకారాది క్రమంలో పేర్చితే కుదరదు. యూనికోడ్‌లో పద్ధతి వేరు. ‘ఎల్లారెడ్డి’ అన్న పేరు చదువరికి నాలుగు అక్షరాలు. యంత్రంలో అది ఎ, ల, పొల్లు, ల, దీర్ఘం, ర, ఎత్వం, డ, పొల్లు, డ, గుడి అనే పదకొండు సంకేతాల వరుస. ల కింద లవత్తు, డ కింద డవత్తు ఎక్కడ ఎలా కూర్చోవాలో ఫైలులో ఉండదు. తెరపై గీసే సమయంలో అక్షర సంయోజక యంత్రాంగం నిర్ణయిస్తుంది. కాబట్టి ఫ్రేమ్‌వర్క్ ఎంపికలో తెలుగువారికి అసలు పరీక్ష, ఆ యంత్రాంగం దానికి అందుబాటులో ఉందా లేదా అన్నదే.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం దక్కినా, గౌతమి ఫాంటుతో విండోస్ దానిని చూపగలిగింది 2001లో వచ్చిన ఎక్స్‌పీతోనే. 2002లో డాట్‌నెట్‌తో వచ్చిన విండోస్ ఫార్మ్స్ యూనికోడ్ పాఠాన్ని గళ్లలోకి తీసుకోగలిగింది. 2005 నాటి రెండో కూర్పు పాఠాన్ని గీసే పద్ధతిని మెరుగుపరచింది. 2006లో వచ్చిన డబ్ల్యూపీఎఫ్ తెరను గ్రాఫిక్స్ కార్డు సాయంతో గీస్తూ, ఓపెన్‌టైప్ ఫాంట్లలోని సంయోజన నియమాలను సొంత యంత్రాంగంతో అమలు చేసింది. నేర్చుకోవడం కష్టమైనా, పెద్దది చేసినా ఒత్తులు చెదరని తెలుగు కావాలనుకున్నవారికి అది మేలైన దారి. 2013లో మొదలైన ఎలక్ట్రాన్ బ్రౌజరునే లోపల పెట్టుకొని వస్తుంది కనుక తెలుగు బాగానే చూపుతుంది, కాని పాత కంప్యూటర్లకు బరువు.

విజువల్ బేసిక్ 6కు 2008లో మద్దతు ముగిసినా, దానితో రాసిన ప్రోగ్రాములు నేటి విండోస్‌లో కూడా నడుస్తున్నాయి. విండోస్ ఫార్మ్స్, డబ్ల్యూపీఎఫ్ రెండూ 2019లో డాట్‌నెట్ కోర్ 3.0లో చేరి కొనసాగుతున్నాయి. అందువల్ల ఫ్రేమ్‌వర్క్ పాతబడిందన్న ఒక్క కారణంతో నడుస్తున్న ప్రోగ్రామును తీసివేయనక్కరలేదు. ఫాంటు సంకేతాల్లో చిక్కుకొన్న పేర్లను మాత్రం యూనికోడ్‌లోకి తేవడం తప్పనిసరి. తెలంగాణలో 2020లో ధరణి, 2025లో భూభారతి పోర్టళ్ల రాకతో భూమి లెక్కలు బ్రౌజరులోకి వెళ్లాయి. కాని సహకార సంఘాల జాబితాలు, ఆలయ చందా లెక్కలు, చిన్న పత్రికల పాత సంచికలు వంటివి ఫాంటు సంకేతాల్లో ఉన్నచోట ఆ పని ఇంకా మిగిలే ఉంది. మార్పిడి ప్రోగ్రాములు ఉన్నా, ఫాంటు కూర్పును బట్టి ఒత్తులు తారుమారవుతుంటాయి. వాటిని సరిచూడగలవారు ఆపిల్ కీబోర్డు తెలిసిన ఆపరేటర్లే కనుక, వారు వృత్తిలో ఉండగానే ఈ పనిని వారికి తగిన వేతనంతో అప్పగించాలి.