సోయి తప్పిన నిమిషాలు

కోరుట్ల దిక్కు ఎవరైనా బండి మీద నుంచి పడ్డారంటే చుట్టూ మూగినవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: "సోయి ఉందా?" తల గాయాలకు కోడ్లు రాసే విద్య కూడా తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే చేరింది.

నిజాం కాలంలో ఊరి చావుపుట్టుకల లెక్క పోలీసు పటేల్ రాసేవాడు. ఆయన వైద్యుడు కాడు. తాటిచెట్టు మీద నుంచి పడ్డ మనిషి మెదడులో ఏం జరిగిందో ఆయనకు తెలిసే దారి లేదు.

1893లో పారిస్ గణాంకాధికారి జాక్ బెర్టియాన్ చికాగో సభలో మరణ కారణాల జాబితా పెట్టాడు. అది చావుల చిట్టా. దెబ్బ తిని బతికినవాళ్లకు అందులో చోటు లేదు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చిన ఆ జాబితా ఆరో సవరణలో రోగాలూ గాయాలూ చేరాయి. గాయం ఏమిటి, ఎట్లా తాకింది అన్న రెండు ప్రశ్నలకు వేర్వేరు కోడ్లు వచ్చాయి.

1990లో ఆమోదం పొందిన పదో సవరణ, అంటే ఐసీడీ-10లో మెదడు గాయాల గది ఎస్06. మెదడు అదిరితే ఎస్06.0. పుర్రెకూ మెదడు పైపొరకూ నడుమ నెత్తురు చేరితే ఎస్06.4, పొర కింద చేరితే ఎస్06.5. ఈ 4ను తేలిగ్గా తీసుకోకూడదు. అలాంటి గాయమైన మనిషి కొన్నిసార్లు లేచి కూర్చుంటాడు, మాట్లాడతాడు. "మంచిగనే ఉన్నడు" అని ఇంటికి తీసుకుపోతారు. కొన్ని గంటల్లోనే సోయి తప్పుతుంది. 1971లో లండన్‌లో తొలి రోగికి సీటీ స్కాన్ తీసేదాకా, పుర్రె తెరవకుండా ఆ నెత్తురును కళ్లారా చూసే వీలే లేదు. 1974లో గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ సోయికే కొలత పెట్టారు: కళ్లు తెరవడం, మాట, కదలిక. ఈ మూడూ కలిపి ఇప్పుడు 3 నుంచి 15 దాకా లెక్కిస్తారు.

తెలుగు నేలపై 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ పథకం మొదలయ్యాక కోడ్ అంటే డబ్బు కూడా అయింది. చికిత్సకు తగ్గ ప్యాకేజీ, దానికో సంఖ్య.

ఇక అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకునే పిల్లలు చదివేది అమెరికా పుస్తకం. 2015 అక్టోబర్ 1 నుంచి అక్కడ అమల్లో ఉన్న ఐసీడీ-10-సీఎంలో సోయి తప్పిన సమయమే ఒక అంకె. 30 నిమిషాలలోపు అయితే ఒకటి, 31 నుంచి 59 అయితే రెండు. ఎక్కడో అమెరికాలో జారిపడ్డ ముసలామె ఎన్ని నిమిషాలు సోయి లేకుండా ఉందో హైదరాబాద్‌లో కూర్చున్న అమ్మాయి రికార్డులో వెతుకుతుంది.

అదే వెతుకులాట మన రోడ్ల మీది గాయాలకూ దక్కాలి. 2018 సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. బతికి బయటపడ్డ మనిషికి నెలల తర్వాత తలనొప్పి, మతిమరుపు వస్తే, వైద్యుడు మొదట తిరగేసేది ఆ రోజు కాగితాన్నే. కోరుట్ల నుంచి జగిత్యాలకు, అక్కడి నుంచి కరీంనగర్‌కు, పట్నానికి మారే రోగి వెంట వెళ్లేదీ ఆ కాగితమే. పడినప్పుడు చూసిన మనిషి మాత్రం చాలాసార్లు రోడ్డు మీదే ఆగిపోతాడు. ఎంతసేపు సోయి లేదో చెప్పగలిగేది అతనొక్కడే.