బందరు గ్రహణం, రోహిణి నక్షత్రం

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన కోస్తా మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ మన నరసాపురానికి ఎంతో దూరం లేని బందరులోను మకాం వేశారు. సూర్యుని అంచున లేచే జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోపు గుండా చూస్తే పసుపుపచ్చని గీత ఒకటి కనిపించింది. అది సోడియం గీత కాదని ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. ఆ కొత్త మూలకమే హీలియం. భూమి మీద అది 1895లో గాని రామ్సే చేతికి చిక్కలేదు.

వెలుగును విడదీసి గీతలు చదివితే, ఎంత దూరపు తారలోనైనా ఏ మూలకం ఎంత ఉన్నదో లెక్క కట్టవచ్చు. మన కార్తెలకు పేర్లిచ్చిన రోహిణి, స్వాతి రెండూ వయసు మళ్ళి, ఉబ్బి, ఎర్రబారిన మహాతారలు. (మనలాగే రిటైరైనవన్నమాట!)

ఇటువంటి తారల మీద పేరెన్నికగన్న పని చేసినవారు హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు గారు. వారి తండ్రి నిజామియా అబ్జర్వేటరీ ఉద్యోగి. 1957లో విల్సన్‌తో కలిసి, కాల్షియం గీత నడుమ మెరిసే భాగం ఎంత వెడల్పుంటే తార నిజకాంతి అంత ఎక్కువని చూపించారు. నిజకాంతి తెలిస్తే దూరం తెలిసినట్లే. 1982లో వారు కన్నుమూశారు. కావలూరులోని 2.34 మీటర్ల టెలిస్కోపుకు 1986లో వారి పేరే పెట్టారు.

ఇక లిథియం సంగతి. మనవల సెల్‌ఫోను బ్యాటరీలో ఉండేది ఇదే. సుమారు 25 లక్షల డిగ్రీల వేడికే ఇది నశిస్తుంది. తార ఉబ్బేటప్పుడు పైపొర లోపలి వేడి పొరలతో కలిసిపోతుంది గనుక, ఉన్న కాస్తా పలచబడిపోవాలి. అయితే 1982లో ఒక మహాతారలో అది దండిగా కనబడి అందరినీ చిక్కులో పెట్టింది. అటువంటివి తర్వాత మరికొన్ని దొరికాయి. బెంగుళూరు భారత ఖగోళ భౌతిక సంస్థకు చెందిన ఈశ్వర్ రెడ్డి గారు, యెర్రా భరత్ కుమార్ గారు, వారి సహచరులు 2020లో ఒక లెక్క ప్రకటించారు. సూర్యుని పాటి తారల గర్భంలో హీలియం అంటుకున్నాక పైపొరలో లిథియం సగటున 40 రెట్లు పెరుగుతోందట, అదీ ఏ ఒకటి రెండింటిలోనో కాదు, అన్నిటిలోనూ. తారల బరువులు సరిగా లెక్కలోకి తీసుకుంటే అలా అనలేమని 2022లో మరికొందరు అభ్యంతరం తెలిపారు. ఆ వాదన ఎటు తేలినా, మన సూర్యునికి ఆ దశ రావడానికి ఇంకా 700 కోట్ల ఏళ్ళకు పైనే ఉంది.