కదలని కారు, వదలని చట్టం

మన మోటారు చట్టాలన్నీ నడిచే బండిని చూసి పుట్టినవే. 1914లో బ్రిటిష్ ఇండియాకు తొలి మోటారు వాహనాల చట్టం వచ్చేనాటికి బెంగళూరులో రెండు పాలనలుండేవి. పేట మైసూరు మహారాజుది, కంటోన్మెంటు బ్రిటిష్ రెసిడెంటుది. కార్లు కొద్దిమంది శ్రీమంతుల ఇళ్ళలోనే ఉన్న ఆ కాలంలో చట్టం పట్టించుకున్నది రిజిస్ట్రేషను, డ్రైవరు లైసెన్సు, వేగం. షెడ్డులో ముసుగు కప్పుకున్న కారు దాని దృష్టిలో లేదు. 1939 చట్టం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సును తప్పనిసరి చేసింది. ఆ అధ్యాయం అమలులోకి వచ్చింది మాత్రం 1946 జూలై 1న. అక్కడ కూడా షరతు బహిరంగ ప్రదేశంలో వాడే బండికే. బ్రిటన్ 1930 చట్టం నుంచి తెచ్చుకున్న ఆ గీత ఈనాటికీ చెరగలేదు.

పన్ను తోవ మాత్రం వేరుగా సాగింది. 1956లో ఐదు పాలనల కింది కన్నడ ప్రాంతాలు ఒకటయ్యాక, మరుసటి ఏడాదే మైసూరు రాష్ట్రం మోటారు వాహనాల పన్ను చట్టం చేసుకుంది. 1973లో రాష్ట్రం పేరు మారాక అదే కర్ణాటక చట్టమైంది. అందులో ఒక చిన్న వివరణ ఉంది: ఆర్సీ చెల్లుబాటులో ఉంటే చాలు, ఆ బండి రోడ్డుకు పనికొచ్చేదిగానే భావించాలి. చక్రాలు ఊడినా, ఇంజను విప్పినా కాగితం బతికుంటే పన్ను బతికున్నట్టే. ఫిట్‌నెస్ గడువు తీరిన బండికి పన్నెందుకని మొదలైన వివాదం కె. గోపాలకృష్ణ షెణై కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1987లో తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది: పన్ను ముందు కట్టాలి, వాడలేదని అధికారికి రుజువు చేసి తర్వాత వాపసు అడగాలి. నా మట్టుకు ఇది వసూలుకు అనువైన న్యాయమే కాని, యజమానికి అనువైనది కాదు.

మరుసటి ఏడాది వచ్చిన 1988 చట్టమే నేటికీ ఆధారం. దాని 146వ సెక్షను ఇన్సూరెన్సు సంగతి చెబుతుంది. బహిరంగ ప్రదేశంలో పది గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండిని పోలీసులు తొలగించవచ్చని 127వ సెక్షను అంటుంది. బెంగళూరు జయనగర్ అడ్డరోడ్లలో దుమ్ము మేట వేసిన కార్ల సంగతి తెలిసినవారు ఇక్కడ నవ్వుకోవచ్చు. ఆగి ఉన్న బండి వాడకంలో ఉన్నట్టా, లేనట్టా అన్న ప్రశ్నకు జవాబు 1991లో దొరికింది. పుణె, బెంగళూరుల మీదుగా అప్పట్లో సాగిన నాలుగో నంబరు జాతీయ రహదారి పక్కన బోల్తాపడిన పెట్రోలు ట్యాంకరు కొన్ని గంటల తర్వాత పేలిన కేసులో, కదలకుండా పడి ఉన్న బండీ వాడకంలో ఉన్నట్టేనని సుప్రీంకోర్టు తేల్చింది. వీధిలో నిలిపిన కారుకు ఇన్సూరెన్సు ఎందుకనేవారికి ఇదే సమాధానం.

బ్రిటన్ 1998లో చక్కని మార్గం వేసింది. కారును రోడ్డు మీదికి తేనని యజమాని ముందే ప్రకటిస్తే ఆ దేశంలో పన్ను ఉండదు. మన దగ్గర మాత్రం, కర్ణాటకలో సొంత కార్లకు లైఫ్ ట్యాక్సు వచ్చాక వాపసు మాటే పలచబడింది. ధర 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం కొన్ననాడే కట్టేస్తే, ఇక అది కదిలితేనేం, కదలకపోతేనేం? ఈ పన్ను మన తెలుగువాళ్ళను మరో దారిలో తాకింది. హైదరాబాదు, విజయవాడ నంబర్లతో వచ్చి బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డులలో స్థిరపడినవారి కార్లు 30 రోజులు దాటి ఉంటే లైఫ్ ట్యాక్సు కట్టాలని 2014లో సవరణ తెచ్చారు. 2016లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కేంద్ర చట్టంలోని 12 నెలల గడువే నిలిచింది. ఆ గడువు దాటితే బేస్‌మెంటులోని కారుకైనా కొత్త నంబరు తీసుకోవాల్సిందే.

2020 మార్చి లాక్‌డౌన్‌తో ఎందరో సొంతూళ్ళకు వెళ్ళిపోయారు, అపార్టుమెంటు బేస్‌మెంట్లలో కార్లు నెలల తరబడి నిలిచిపోయాయి. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి గడువు తీరిన ఆర్సీలు, లైసెన్సులు చెల్లుతాయని కేంద్రం 2021 అక్టోబరు దాకా పొడిగిస్తూ పోయింది. అయితే 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు నిండిన కారు ఆర్సీ రెన్యువల్ రుసుము 600 నుంచి 5,000 రూపాయలైంది, ఆలస్యమైతే నెలకు మరో 500. 2025లో ఇరవయ్యేళ్ళు దాటిన కారుకు 10,000 చేశారు. యాభయ్యేళ్ళు నిండిన ముద్దుబిడ్డలకు మాత్రం 2021లోనే వింటేజ్ హోదా, ప్రత్యేక నంబరు దక్కాయి.

2025 ఆగస్టులో మలుపు విశాఖ నుంచి వచ్చింది. ఉక్కు కర్మాగారం గోడల లోపలి యార్డులోనే తిరిగిన 36 బండ్లపై ఆంధ్రప్రదేశ్ పన్ను అడిగితే, బహిరంగ ప్రదేశంలో వాడని, వాడేందుకు ఉంచని బండికి పన్ను లేదని సుప్రీంకోర్టు చెప్పింది. అది 1963 నాటి ఆంధ్ర చట్టం మీది తీర్పు, ప్రవేశ నియంత్రణ ఉన్న ప్రాంగణం సంగతి. లైఫ్ ట్యాక్సు ఎప్పుడో కట్టేసిన బెంగళూరు కారు యజమానికి దానివల్ల ఒక్క రూపాయీ తిరిగిరాదు. అతనికి మిగిలేది పదిహేనో ఏట ఆర్సీ రెన్యువల్. ఆ తనిఖీకి కారును రోడ్డెక్కించి ఆర్టీవో ఆఫీసుకు తేవాలి. ఏళ్ళ తరబడి అక్కర్లేదనుకున్న ఇన్సూరెన్సు, పొగ సర్టిఫికెట్ ఆ ఒక్క పూట కోసమైనా చేతిలో ఉండాలి.