గిటారు స్పీకరు పెట్టె: గృహనిర్మాణ పరిణామ పరిశీలన

చిన్న గిటారు ఆంప్లిఫయరులకు ఇంటియందే స్పీకరు పెట్టెలు కట్టుకొను విద్యను ధ్వనిశాస్త్రమునకు అనుబంధముగా మాత్రమే చూపుట పరిపాటియైనది. ప్రయోగశాలలో సూత్రము పుట్టినది, కర్మాగారము దాని ననుసరించినది, గృహనిర్మాత కర్మాగారమును అనుకరించినాడు అను ఈ క్రమము వినుటకు చక్కగానున్నను సాక్ష్యములతో పొసగదు.

తొలి దశలు సుపరిచితములే. 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇంజనీర్లు తీగచుట్టతో కాగితపు శంకువును కదలించు స్పీకరును ప్రకటించిరి. శంకువు వెనుకటి తరంగము ముందరి తరంగమును రద్దుచేయకుండ నడుమ పలక యుండవలెనని అప్పుడే తేలినది. 1932లో బెల్ ప్రయోగశాలల ఆల్బర్ట్ థూరాస్ ఆ వెనుకటి తరంగమును రంధ్రముద్వారా వినియోగించు పెట్టెకు పేటెంటు పొందెను. ఇంతవరకు వివాదము లేదు.

వివాదమెల్ల 1950 దశకమును గూర్చినది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణమున లియో ఫెండర్ చేయించిన చిన్న ఆంప్లిఫయరులలో పైన్ పలకలు మూలలయందు వ్రేళ్ళు పెనవేసినట్లు అతుకబడి, ముందు సన్నని ప్లైవుడ్ పలక బిగింపబడి, వెనుక భాగము కొంత తెరచి విడువబడెను. ఈ కలపయు ఈ తెరపియు నాదసౌందర్యమునకై ఎన్నుకొనబడినవని నేటి నిర్మాతలు నమ్ముచున్నారు. నా పరిశీలనలో కారణములు ఇంతకంటె సామాన్యములు, అందుచేతనే గౌరవింపదగినవి. పైన్ తేలికయైనది, చౌకయైనది, రంపమునకు లొంగునది. కచేరీకి పెట్టెను తానే మోసికొనిపోవు వాద్యకారునికి బరువే ప్రథమ విచారము. ఇక ఆంప్లిఫయరును స్పీకరును ఒకే పెట్టెలో ఉన్నప్పుడు వాల్వుల వేడి వెలికి పోవలెను, చెడిన వాల్వును మార్చుటకు చేయి దూరవలెను. వెనుకటి తెరపికి ఇదియే చాలిన హేతువు. ఫెండర్ సంస్థయే 1960 ప్రాంతమున షోమన్ అను శక్తిమంతమైన నమూనాలో ఆంప్లిఫయరును వేరుపరచినప్పుడు స్పీకరునకు మూసిన పెట్టె కట్టినది. కావున మూసిన పెట్టె గుణము తెలియక తెరచినవారు కారు, తెరువవలసిన చోట తెరచినవారు. అయినను చెవికి ఇందు పాత్రయే లేదనుట అతివాదమగును. ఫెండర్ తన నమూనాలను వృత్తివాద్యకారులకిచ్చి, వారి మాట ననుసరించి సవరించుట ప్రసిద్ధము. ప్రయోజనము రూపమును నిర్ణయించినది, చెవి దానిని నిలిపినది అనుటయే యుక్తము.

1960 దశకారంభమున లండనులో జిమ్ మార్షల్ బృందము ఫెండర్ బాస్‌మన్ సర్క్యూటునే ఇంచుమించు అనుసరించి, నాలుగు 12 అంగుళముల సెలెస్టియన్ స్పీకరులను మూసిన పెట్టెలో కూర్చగా నాదము వేరొకటయ్యెను. వాల్వులును ట్రాన్స్‌ఫార్మరులును కూడ మారినవి గనుక భేదమునంతయు పెట్టెకే ఆరోపింపరాదు, గాని అందు పెట్టె భాగము స్వల్పము కాదు. గృహనిర్మాతకు పాఠము ఇచ్చటనే కలదు. ఫెండర్ వారి 5 వాట్ల చాంప్ ఆంప్లిఫయరునకు 8 అంగుళముల స్పీకరు తగిలించుట పెట్టె చిన్నది కావలసినందువలన. దానినే, ఓములు సరిచూచి, విశాలమైన పెట్టెలోని మంచి 12 అంగుళముల స్పీకరునకు కలిపినచో వాట్లు పెరుగకయే నాదము నిండును. గిటారు లావుతీగ సెకనుకు సుమారు 82 మార్లు కంపించును, ఆ తరంగము నాలుగు మీటర్లకు మించిన పొడవు గలది. వెనుక తెరచిన చిన్న పెట్టె దానిని నిలుపజాలదు.

1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970 దశకారంభమున రిచర్డ్ స్మాల్ పెట్టె పరిమాణమును గణితముచే సాధించిరి. ఎలక్ట్రో-వాయిస్ వారి 12 అంగుళముల స్పీకరునకై ఏర్పడిన రంధ్రపు పెట్టె ఈ గణితము గిటారునకును అక్కరకు వచ్చునని చూపినది. అయినను ఆ గణితమే సర్వము కాదు: రికార్డును ఉన్నదున్నట్లు వినిపించు పెట్టె తన గొంతు దాచుకొనవలెను; గిటారు పెట్టె వాద్యములో భాగము.

నేడు ప్లైవుడ్ సులభముగ లభించుచున్నది, లెక్కలు క్షణములో తేలుచున్నవి, పనితనము కూడ అనేకులలో మెచ్చదగియున్నది. కాని పాత కొలతలను మిల్లీమీటరు తప్పక అనుకరించుటయే భక్తియని భావించుట నాకు సమ్మతము కాదు. ఫెండర్‌ను బంధించిన వేడి, ఇరుకులు వేరు పెట్టె కట్టువానిని బంధింపవు. వెనుక పలకను మరలతో బిగించి, ఒకమారు మూసి, ఒకమారు సగము తెరచి, విని నిర్ణయించువాడే ఆ తొలి నిర్మాతల మార్గమున నడచుచున్నాడు.